ఎదురాకు

అనగా అనగా ఒక ఆకు. ఆకుకో పుల్ల. పుల్లకో చెయ్యి. ఆ చేతి కథే నేను చెప్పబోయేది. అన్నం ఉడికేలోపు అయిపోద్ది, ఊఁ కొట్టండి. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే నాకు నోరు పెగలదు, ముందే చెబుతున్నా. ఏయ్, ఆ మూల గుసగుసలు ఆపండర్రా! పక్కన మనిషి ఉన్నాడు కాబట్టి గుసగుసలాడుతున్నారు. ఈ కథలో ఆ చేతి మనిషికి అదీ లేదు.

ఎప్పటి మాట అంటే ఏం చెప్పను? మా అవ్వకి వాళ్ళవ్వ చెప్పింది. ఆ అవ్వకి ఎవరు చెప్పారో నాకు తెలీదు. అంత పాతది.

ఒక కొండ. కొండ కింద ఒక వంక. వంకంటే ఎప్పుడూ పారేది కాదు, వానొస్తే పొంగి, వానెళ్తే ఎండిపోయే వాగు. ఆ వంక పక్కన ఇస్తర్లపల్లె. ఆ ఊళ్ళో ఆడపిల్లకి నడక సరిగ్గా రాకముందే ఆకు కుట్టడం వచ్చేదట. కొండ మీద మోదుగాకు కోసుకొచ్చి, నీడన ఆరబెట్టి, సన్నగా చీల్చిన పుల్లలతో ఆకుకి ఆకు గుచ్చి విస్తరాకులు కుట్టేవాళ్ళు. చుట్టుపక్కల నలభై ఊళ్ళు. పెళ్ళి కానీ, చావు కానీ, జాతర కానీ, అన్నం పడేది ఇస్తర్లపల్లె ఆకులోనే.

ఆ ఊరికి ఒక ఆచారం ఉండేది. పెళ్ళిలో అందరి బంతులూ లేచాక ఆఖర్న ఒక బంతి వేసేవాళ్ళు. దాని పేరు కుట్టినోళ్ళ బంతి. ఎవరు కుట్టిన ఆకు వాళ్ళు తెచ్చుకుని వరసగా కూచుంటే, పెళ్ళివారే నడుం వంచి వడ్డించాలి. ఎంత గొప్పింటి పెళ్ళైనా అంతే. ఆ బంతిలో చోటుందంటే ఆ మనిషికి ఊళ్ళో చోటున్నట్టే.

ఆ ఊరి చివర, వంక గట్టు మీద, ఓబులమ్మ అని ఒకామె ఉండేది. పెళ్ళైన రెండో ఏడే పెనిమిటి పాము కరిచి పోయాడు. పిల్లల్లేరు. పుట్టింటివాళ్ళు ఎప్పుడో దేశం మీద పడి పోయారు. ఉన్నదల్లా ఒక పూరిపాక, పాక వెనక గట్టు పొడుగునా పెనిమిటి వదిలిపోయిన చెట్ల ముక్క. ఆ ముక్కలో లేని చెట్టు లేదు. మోదుగ పక్కన రేల, రేల పక్కన ఉసిరి, ఉసిరి పక్కన చండ్ర, మధ్యలో మద్ది, మారేడు, తునికి. ఎవరూ వరస పెట్టి నాటలేదు. పిట్టలు ఎక్కడ పడేస్తే అక్కడ మొలిచాయి.

ఆకు కుట్టేది ఎప్పుడూ జోడుగా. ఒకామె ఏరి అందిస్తే ఇంకొకామె గుచ్చుద్ది. చావడిలో ఆడవాళ్ళంతా జోడు జోడుగా కూచుని, చేతులు ఆకుల మీద, నోళ్ళు ఊరి మీద పెట్టేవాళ్ళు. ఓబులమ్మకి జోడు లేదు. తానే ఏరేది, తానే గుచ్చేది. నోరు ఊరికే ఉండదు కదా? పక్కవాళ్ళు కబుర్లు చెప్పుకుంటుంటే ఈమె కట్ట కట్టకీ ఒక ఆకు తీసి తొడిమ కొరికేది. నమిలేది. కళ్ళు మూసుకునేది.

"వగరుంది. బతుకుద్ది," అనేది.

ఎవరితో అనేది? ఎవరితోనూ కాదు. ఆకుతోనే.

"ఏమే ఓబులూ, మేకల్లో కలిశావా ఏంది?" అని సుంకమ్మ ఆటపట్టించేది. కుట్టేవాళ్ళందరికీ పెద్ద ఈ సుంకమ్మ. మంచి మనిషే గానీ నోటికి తాళం లేదు. వగరవ్వ అని పేరు పెట్టింది ఆమే. అప్పటికి ఓబులమ్మకి ముప్పై దాటాయో లేదో! ముప్పైకే అవ్వ! ఊరంతా పడీ పడీ నవ్వింది. ఆమె కూడా నవ్వింది. పిలవడానికి ఒక పేరంటూ పెట్టారు కదా అని లోలోపల సంతోషపడింది. చూశారా, పలకరించే నోరు లేకపోతే ఎగతాళి కూడా తియ్యగానే ఉంటది.

ఆమె ప్రాణమంతా కుట్టినోళ్ళ బంతిలో ఉండేది. ఆ పూట ఎడమ పక్క ఒకరి భుజం తగిలేది, కుడి పక్క ఒకరి భుజం తగిలేది. "వగరవ్వకి ఇంకాస్త పులుసు పొయ్యండే" అని ఎవరో అరిచేవాళ్ళు. ఆ ఒక్క మాటా పాకకి పట్టుకుపోయి మళ్ళీ పెళ్ళి వచ్చేదాకా తలుచుకునేది.

అలా నమలగా నమలగా ఆమెకి ఒక సంగతి తెలిసింది. ఆకు కరవలేదు, పొడవలేదు, పారిపోలేదు. దాని దగ్గరున్నదల్లా వగరే. పురుగు వచ్చి నోరు పెడితే ఆ వగరు చూసి వెనక్కి తగ్గాలి. రకరకాల చెట్ల మధ్య పెరిగిన మోదుగాకుకి వగరెక్కువ, చిల్లులు తక్కువ. మోదుగ పక్కన మోదుగ, దాని పక్కన మళ్ళీ మోదుగ ఉన్న చోట వగరు తక్కువ, చిల్లులెక్కువ. ఎందుకో ఆమెకి తెలీదు. నాకూ తెలీదు. మీకు తెలిస్తే తర్వాత చెప్పండి, ముందు కథ వినండి.

ఊరికి పెద్ద తిప్పయ్య. చెడ్డవాడు కాదు. నలభై ఊళ్ళకీ ఆకు చాలడం లేదని రాత్రీ పగలూ దిగులుపడే మనిషి. ఒకరోజు చావడిలో అందరినీ కూచోబెట్టి అన్నాడు.

"కొండ మీద నూరు రకాల చెట్లున్నాయి. మనకి పనికొచ్చేది ఒక్క మోదుగ. మిగతావన్నీ మన మోదుగ నోటికాడ కూడు లాక్కుంటున్నాయి. నరికేద్దాం. కొండంతా మోదుగే ఉండాలి."

ఆకు కుట్టేవాళ్ళకి చెట్టంటే ఆకే కదా! కుట్టడానికి పనికిరాని ఆకు వాళ్ళ కంటికి ఆకే కాదు. అందరూ భళా అన్నారు. రేల పోయింది. చండ్ర పోయింది. మద్ది పోయింది. ఖాళీల్లో మోదుగ గింజలు నాటారు. నాలుగైదేళ్ళకి కొండ మోదుగ కొండైంది. ఆకు రాలే కాలం వచ్చి పూలు పూస్తే కొండంతా ఎర్రగా నిప్పంటుకున్నట్టుండేది. పొరుగూళ్ళ వాళ్ళు బళ్ళు కట్టుకుని చూడ్డానికొచ్చేవాళ్ళు. ఆకు ఇబ్బడిముబ్బడిగా దిగింది. తిప్పయ్య మీసం మీది చెయ్యి తియ్యలేదు.

ఓబులమ్మ కొండాకు కొరికింది. నమిలింది. కళ్ళు మూసుకుంది.

"వగరు తగ్గింది సుంకమ్మా," అంది.

"తగ్గితే ఏం? మనం ఆకులో తింటామా, ఆకుని తింటామా?" అంది సుంకమ్మ. చావడి గొల్లుమంది.

ఇక మిగిలింది వంక గట్టు. తిప్పయ్య ఓబులమ్మ పాకకి మూడుసార్లు వచ్చాడు.

మొదటిసారి నవ్వుతూ వచ్చాడు. "ఓబులమ్మా, ఆ పిచ్చి చెట్లు కొట్టేసి మోదుగ పెట్టుకోమ్మా. నీకే మంచిది."

"వద్దులే అన్నా. అవి ఉండనీ."

రెండోసారి విసుగ్గా వచ్చాడు. "ఊరంతా ఒక దారి, నీదొక దారా? నీ గట్టు మీది చెట్ల పురుగులు వచ్చి మా మోదుగకి పడితే ఎవరు జవాబుదారీ?"

"అన్నా, బంతిలో అందరూ ఒక్క నోటివాళ్ళే కూచుంటే ఏమైద్ది? అందరూ ఒకటే అడుగుతారు, ఆ గిన్నె ఖాళీ. ఒకడు పులుపు, ఒకడు కారం, ఒకడు మజ్జిగ అంటేనే అందరికీ సరిపోద్ది. పురుగు కూడా అంతే. తనకి కావలసిన చెట్టు పక్కనే మళ్ళీ అదే చెట్టుంటే పాక్కుంటూ పోద్ది. మధ్యలో ఉసిరుంటే తికమక పడుద్ది."

"చెట్లకి బంతి భోజనాలు పెడుతున్నావా?" అని తిప్పయ్య తుపుక్కున ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

మూడోసారి వచ్చినప్పుడు నవ్వూ లేదు, విసుగూ లేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఊరి మాట విననిదానికి ఊరి బంతిలో చోటెందుకు? గట్టు నరికితే సరే. నరక్కపోతే కుట్టినోళ్ళ బంతిలో నీకు ఆకు పడదు. నువ్వే తేల్చుకో."

ఓబులమ్మ గుంజ పట్టుకుని కూచుంది. ఏడాదికి ఏడెనిమిది పెళ్ళిళ్ళు. ఏడెనిమిది పూటలు. ఆ పూటల కోసమే మిగతా రోజులు గడిపే మనిషి ఆమె. ఒక్క గొడ్డలి దెబ్బకి ఒప్పుకుంటే చాలు, రెండు పక్కలా భుజాలు తగులుతాయి. పెనిమిటి చెట్ల వంక చూసింది. కొండ వంక చూసింది. రేపు ఆ కొండాకు పాడైతే నలభై ఊళ్ళు దేంట్లో తింటాయి? విత్తనానికైనా ఒక చోట వగరు మిగలొద్దా?

"నరకనన్నా," అంది. అని, తలుపు తడిక వేసుకుని ఏడ్చింది.

ఆ నెలలోనే తిప్పయ్య తమ్ముడి కూతురి పెళ్ళి. ఓబులమ్మ తన వంతు ఆకులు కుట్టి, చావడి గుమ్మంలో పెట్టి వచ్చేసింది. ఎవరూ పలకరించలేదు. సుంకమ్మ నోరు తెరవబోయి తిప్పయ్య వంక చూసి మూసుకుంది. పెళ్ళి మధ్యాహ్నం మేళం వినబడింది. మేళం ఆగింది. బంతులు లేచాయి. ఆఖరి బంతికి పిలుపు వినబడింది. "కుట్టినోళ్ళు రండమ్మా! కుట్టినోళ్ళు రండి!" అని మూడుసార్లు. ఆ పిలుపు పాకదాకా వచ్చింది గానీ ఆమె కోసం రాలేదు.

ఆమె ఇంట్లో ఒక ఆకు వేసుకుంది. సంగటి పెట్టుకుంది. ముద్ద గొంతు దిగలేదు. లేచి ఇంకో ఆకు తెచ్చి ఎదురుగా వేసింది. దాన్లో ఒక చిన్న ముద్ద పెట్టింది. చెయ్యి చూపించి, "తినండి, మొహమాటపడకండి," అంది. అప్పుడు దిగింది ముద్ద.

ఆ రోజు నుంచీ ఆమె ఎప్పుడు తిన్నా ఎదురాకు వేసేది. ఆ ఆకులో ముద్ద తర్వాత చీమలకీ పిట్టలకీ పోయేది. దారిన పోయేవాళ్ళు తడిక సందుల్లోంచి చూసి, "వగరవ్వకి మతి పోయింది," అనుకున్నారు. మతి పోలేదు. మనిషి కావలసి వచ్చింది, అంతే.

ఏళ్ళు గడిచాయి. ఆమె జుట్టు నెరిసింది. ఇప్పుడు నిజంగానే అవ్వ. అప్పుడు వచ్చింది కరువు.

మొదటి ఏడు వాన మొహం చాటేసింది. ఓబులమ్మ కొండాకు కొరికింది, గట్టాకు కొరికింది. రెండూ నాలుక ముడుచుకుపోయేంత వగరు. నీళ్ళు లేక చెట్టు పళ్ళు బిగించి కూచుంది. "వగరుంది. బతుకుద్ది," అంది. ఆ ఏడు ఆకుకి పురుగు రాలేదు. "చూశారా, కరువొచ్చినా మన మోదుగకి ఢోకా లేదు!" అని తిప్పయ్య చావడిలో తొడ కొట్టాడు.

రెండో ఏడు కూడా వాన లేదు. గట్టాకు వగరు అలాగే ఉంది. కొండాకు వగరు పలచబడింది. బిగించిన పళ్ళు చెట్టు ఎన్నాళ్ళని బిగించి ఉంచుద్ది? కొండ మీది మోదుగలన్నిటి వేళ్ళూ ఒకే లోతులో, అన్నిటి దాహమూ ఒకే తడి కోసం. పైగా పంటల్లేక ఊరంతా ఆకు మీదే పడింది. మోదుగ రెమ్మకి మూడాకులుంటే మూడూ తుంచారు.

గట్టు మీద మద్ది వేరు లోతుకి పోయి తడి వెతుక్కుంది. దాని నీడన మోదుగ కాస్త ఊపిరి పీల్చుకుంది. ఓబులమ్మ రెమ్మకి ఒక్క ఆకే తుంచేది. రెండు చెట్టుకి వదిలేది. దాంతో కడుపు నిండేది కాదు. అయినా వదిలేది.

మూడో ఏడు కూడా వాన లేదు. ఓబులమ్మ కొండెక్కి ఆకు కొరికింది. నమిలింది. కళ్ళు మూసుకుంది. ఎండుగడ్డి నమిలినట్టుంది. ఇన్నేళ్ళూ తొక్కని చావడి గడప దాకా వెళ్ళి నిలబడింది.

"కొండాకులో వగరు లేదమ్మా," అంది. బతుకుద్ది అన్న రెండో మాట ఆమె నోటి నుంచి రాలేదు. "ఈ ఏడు కొయ్యకండి. చెట్టు దగ్గర ఇంకేమీ లేదు. పురుగొస్తే ఆపలేదు."

ఎవరూ తల ఎత్తలేదు. పుల్లలు గుచ్చుతూనే ఉన్నారు. ఆమె కాసేపు నిలబడింది. ఎవరైనా నవ్వుతారేమోనని చూసింది. ఈసారి నవ్వు కూడా రాలేదు. వెనక్కి తిరిగి వచ్చేసింది.

సరిగ్గా పది రోజులకి, తెల్లారీ తెల్లారకముందు, కొండ మీదినుంచి చప్పుడు. టపటపా, టపటపా. సన్నగా, ఆగకుండా. వాన చినుకులు ఆకుల మీద పడే చప్పుడు!

"వానోయ్! వాన!" అని సుంకమ్మ కేక పెట్టింది. ఊరు ఊరంతా లేచింది. బిందెలు, కుండలు, చట్లు, చేతికేది దొరికితే అది పట్టుకుని కొండకి పరుగు. మూడేళ్ళ తర్వాత వాన! ముసలివాళ్ళు కూడా కర్రలు పడేసి పరిగెత్తారు. చెట్ల కిందికి పోయి మొహాలు పైకెత్తి, నోళ్ళు తెరిచి నిలబడ్డారు. తిప్పయ్య దోసిలి పట్టాడు. టపటపా పడింది.

దోసిట్లో పడింది నీళ్ళు కాదు. నల్లటి గింజలు. పురుగు పెంట.

వెలుగొచ్చాక చూస్తే ఆకు ఆకుకీ గొంగళి పురుగులు. కొండంతా పురుగులు. వాళ్ళు విన్న చప్పుడు పురుగులు మేసే చప్పుడు, మేసింది రాలే చప్పుడు. అడ్డుపెట్టే వగరు లేదు, దారి తప్పించే వేరే చెట్టు లేదు. ఒక మోదుగ అయిపోతే కొమ్మ పట్టుకుని పక్క మోదుగ. మూడు రోజుల్లో కొండ మీద ఈనెలు మిగిలాయి. ఖాళీ బిందెలతో జనం ఇళ్ళకి దిగారు. ఏడవడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు.

నాలుగో రోజు పురుగు వంక గట్టుకి దిగింది. ఓబులమ్మ చీపురు పట్టుకుని చెట్ల కింద కూచుంది. ఎన్నని ఊడుస్తుంది? మొదటి మోదుగ చిల్లులు పడింది. రెండోదానికి కొన్ని చిల్లులు. ఆ తర్వాత రేల అడ్డొచ్చింది, చండ్ర అడ్డొచ్చింది. మద్ది మీద కాపురమున్న గోరింకలు దిగి పురుగుల్ని ఏరుకు తిన్నాయి. మిగిలినవి మూడో మోదుగాకు కొరికి, కొరికి, వదిలేశాయి. ఓబులమ్మ ఆ కొరికిన ఆకునే తుంచి తానూ కొరికింది.

"వగరుంది," అంది. ఆమెకి ఏడుపొచ్చింది. "బతుకుద్ది."

చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. ఆ సాయంత్రం ఎదురాకుకి చెప్పింది.

ఇక నలభై ఊళ్ళ పెద్దలూ కూడి ఒక మాట అనుకున్నారు. కప్పలకి పెళ్ళి చేసి, ఇంటికో గుప్పెడు గింజలు పోగేసి, నలభై ఊళ్ళూ ఒక్కచోట కూచుని తినాలి. అప్పుడైనా వానదేవుడికి దయ కలుగుద్దేమో. వాన కోసం వేసే బంతికి పచ్చి ఆకే కావాలి. ఇంట్లో కంచాలు పనికిరావు, నిరుటి ఎండాకు పనికిరాదు. ఆకు ఇస్తర్లపల్లె ఇవ్వాలి. కొండ మీద ఒక్క ఆకు లేదు.

మూడుసార్లు వచ్చిన మనిషి నాలుగోసారి వచ్చాడు. పొద్దు వాలుతోంది. ఓబులమ్మ అప్పుడే తినడానికి కూచుంది. తన ముందు ఒక ఆకు, ఎదురుగా ఒక ఆకు. రెండింట్లోనూ గింజలు లెక్కపెట్టేంత గంజి మెతుకులు. ఆమె ఎంత చిక్కిపోయిందో తిప్పయ్య అప్పుడే చూశాడు.

"ఓబులమ్మా," అన్నాడు. తల గుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆకు కావాలి కదన్నా. సుంకమ్మ చెప్పింది. తెల్లారి మనుషుల్ని పంపు. రెమ్మకి ఒక్కటే తుంచమను. రెండు చెట్టుకి ఉంచమను. నలభై ఊళ్ళకీ చాలదు గానీ ఇంటికొకరికి చాలుద్ది."

"నీకేం కావాలో అడుగు. ఏదైనా అడుగు."

"కొండ మీద మళ్ళీ అన్ని రకాలూ నాటించు. గింజలు నా దగ్గరున్నాయి. రేల, ఉసిరి, మద్ది... అన్నీ దాచాను." ఎదురాకు వంక చూపించింది. "ఇప్పుడు ఒక ముద్ద తినిపో అన్నా. కూచో."

తిప్పయ్యకి తల కొట్టేసినట్టైంది. ఆ మెతుకులు తినడానికి సిగ్గు. తన వల్ల ఖాళీగా ఉన్న ఆ ఆకు ముందు కూచోడానికి ఇంకా సిగ్గు. "పని ఉందమ్మా," అన్నాడు. "చాలా పని ఉంది. బంతి రోజు మనందరం కలిసి తిందాం. మొదటి ఆకు నీదే. నేనే వడ్డిస్తా."

"సరేలే," అంది ఓబులమ్మ. ఆయన మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత ఎప్పట్లాగే, "తినండి, మొహమాటపడకండి," అని తన ముద్ద తాను తింది.

మూడు రోజులు గట్టు మీద ఆకు తెంచారు. మూడు రోజులు చావడిలో కుట్టారు. సుంకమ్మ వచ్చి ఓబులమ్మ పక్కన చతికిలబడి, "నేను అందిస్తా, నువ్వు గుచ్చు," అంది. ఇన్నేళ్ళకి ఆమెకి జోడు దొరికింది. ఓబులమ్మకి మొదటి ఆకుకే పుల్ల తప్పింది. ఆకలికో, సంతోషానికో చెప్పలేను. సుంకమ్మ ఎన్ని తిట్లు తనని తాను తిట్టుకుందో కూడా చెప్పలేను, మీలో చిన్నపిల్లలున్నారు.

బంతి రోజు వచ్చింది. కప్పల పెళ్ళైంది. వంక ఇసకలో బారులు తీర్చారు. మొదటి చోటు ఖాళీగా పెట్టి, తిప్పయ్య గంప పట్టుకుని నిలబడ్డాడు.

"కుట్టినోళ్ళు రండమ్మా!" అని పిలిచాడు. అందరూ వచ్చారు. ఆమె రాలేదు.

"వగరవ్వా, రామ్మా!" అని పిలిచాడు. రాలేదు.

"ఓబులమ్మా, తల్లీ, రా!" అని పిలిచాడు. రాలేదు.

"ఆమె వచ్చేదాకా ఎవరూ ముద్ద కలపొద్దు," అని తానే గట్టెక్కి పోయాడు.

ఆమె బయల్దేరింది. పాపం, బయల్దేరే ఉంది. తల దువ్వుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. ఒళ్ళో తాను కుట్టుకున్న ఆకుంది. అది ఒట్టి మోదుగాకు కాదు. మోదుగ, మద్ది, తునికి, గట్టు మీద పుల్ల గుచ్చితే నిలబడే ప్రతి ఆకూ చేర్చి కుట్టింది. గుమ్మం ముందున్న మోదుగకి ఆనుకుని, కాస్త ఆయాసం తీర్చుకుందామని కూచున్నట్టుంది. మళ్ళీ లేవలేదు. పెదాల మధ్య ఆకు తొడిమ ఇంకా పచ్చిగా ఉంది. పాకలో రెండు ఆకులున్నాయి. ఒకటి తిన్నది. ఎదురాకులో ముద్ద అలాగే ఉంది.

తిప్పయ్య ఆమె పెదాల మధ్య తొడిమ తీశాడు. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ముసలి నాలుక ముడుచుకుపోయింది. అంత ఊరి పెద్దమనిషి నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"వగరుందమ్మా," అన్నాడు. "బతుకుద్ది. చెట్టు బతుకుద్ది."

తర్వాత పాకలోకి వెళ్ళి ఎదురాకు ముందు కూచుని ఆ ముద్ద తిన్నాడు. చాలా ఆలస్యంగా తిన్నాడు.

ఆమె ఒళ్ళో ఆకు తెచ్చి బంతిలో మొదటి చోట వేశాడు. వడ్డించాడు. మూడు ఊపిర్లు ఆగి, అప్పుడు అందర్నీ తినమన్నాడు. జనం తిన్నారు గానీ ఎవరి కంట్లోంచి పడ్డ ఉప్పు వాళ్ళ సంగట్లోనే పడింది.

ఆ రోజు వాన పడిందా అని అడుగుతారు మీరు. పడలేదు. నేను అబద్ధం చెప్పను. మరుసటేడు పడింది. ఆమె దాచిన గింజలు అప్పుడు కొండెక్కాయి.

ఇప్పటికీ మావైపు మోదుగ పక్కన మోదుగ నాటరు. కరువేట రెమ్మకి ఒక్క ఆకే తుంచుతారు. కుట్టబోయే ముందు తొడిమ కొరికి, "వగరుంది, వగరవ్వా" అంటారు. బంతిలో మొదటి ఆకు ఆమెదే. మూడుసార్లు పిలిచి, మూడు ఊపిర్లు ఆగిన తర్వాతే ముద్ద కలుపుతారు.

ఇంకొకటుంది. ఎవరైనా ఒంటరిగా తింటూ కనబడితే, దారినపోయేవాళ్ళు ఎవరైనా సరే, ఆగి లోపలికి వస్తారు. ఆకలున్నా లేకున్నా ఎదురుగా ఒక ఆకు వేసుకుని కూచుంటారు. ఒక్క ముద్దే తింటారు. కావలసినవాళ్ళు కానక్కర్లేదు, పేరు తెలియనక్కర్లేదు. కూచోమన్నప్పుడు "పని ఉంది" అనే మాట మాత్రం మావైపు ఎవరూ అనరు. అంటే తిప్పయ్య ఏడుపు తగులుద్దంటారు.

అదుగో, అన్నం ఉడికిన వాసన. ఆకుకో పుల్ల, కథకో పుల్ల, గుచ్చేశాను. లేవండి, ఆకులు వేస్తున్నారు. మొదటి ఆకు ముందు ఎవరూ కూచోకండి. దాని పక్కన కూచునేవాళ్ళు, కాస్త భుజం తగిలేంత దగ్గరగా జరగండి.